చిన్న తరగతుల పిల్లలతో నాటకం రాయించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు జిల్లాలో ప్రాథమిక తరగతులకు చెబుతూ, మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలతో చిన్న చిన్న నాటికలు రాయిస్తూ వస్తున్నాను. తోటి టీచర్లు, పిల్లల అమ్మానాన్నలు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు తెలిసినంతలో ఇక్కడ జవాబులు రాశాను. వరుసగా చదవాల్సిన పనిలేదు. మీకు కావలసిన చోటి నుంచి చదువుకోండి.

ఏ తరగతి నుంచి మొదలుపెట్టవచ్చు? చిన్నపిల్లలకు ఇది బరువు కాదా?

నోటిమాటగా అయితే ఒకటో తరగతి నుంచే మొదలుపెట్టవచ్చు. కాగితం మీద రాయించడం మూడో తరగతిలో బాగా కుదురుతుంది.

బరువు అనుకునేవాళ్ళు ఒకసారి సాయంత్రం వీధిలో పిల్లలు ఆడుకుంటుంటే పక్కన నిలబడి వినండి. "నువ్వు డాక్టరమ్మవి, నేను జ్వరమొచ్చిన పాప, ఈ అరుగు ఆస్పత్రి." పాత్రలు వచ్చేశాయి, స్థలం కూడా వచ్చేసింది. "నువ్వు ఇప్పుడే రావద్దు, నేను దగ్గినాక రా." ఇది ప్రవేశం. "ఇప్పుడు పొద్దు గుంకిపోయింది, అందరూ పడుకోండి." దృశ్యం మారింది. ఇవన్నీ వాళ్ళకు వచ్చు. మనం చేయాల్సిందల్లా వాళ్ళు ఆడుతున్న ఆటకు పేర్లు పెట్టి, కాగితం మీద ఎలా రాస్తారో చూపించడం. అందుకే నేను మొదటి రోజు బోర్డు మీద నిర్వచనాలు రాయను. పిల్లల్ని ఆటస్థలానికి తీసుకెళ్ళి ఆడమని, ఆడింది క్లాసుకొచ్చి చెప్పమంటాను.

కథకూ నాటకానికీ తేడా పిల్లలకు ఎలా చెప్పాలి?

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఇది పట్టుబడితే మిగతావి వాటంతట అవే వస్తాయి.

"కథలో చెబుతాం, నాటకంలో చూపిస్తాం" అని చాలామంది ఒక్క వాక్యంలో చెప్పేస్తారు. పిల్లలు తలూపుతారు, తర్వాత మళ్ళీ కథే రాస్తారు. మాట అర్థమైనా పని అర్థం కాలేదన్నమాట. అందుకని ఒకే సంగతిని రెండు రకాలుగా పక్కపక్కన పెట్టి చూపించాలి. నేను వాడేది పలక కథ. మార్కాపురం రాతిపలకలు మన వైపు ఇంట్లో ఎక్కడో ఒకటి ఉంటాయి కాబట్టి, పలక పగిలితే ఎలా ఉంటుందో వాళ్ళకు తెలుసు.

కథ ఇది: "మస్తాన్ కొత్త పలక తెచ్చుకున్నాడు. పెంచలయ్య ఒక్కసారి రాసుకుంటానని అడిగితే ఇవ్వలేదు. ఇంటర్వెల్‌లో పెంచలయ్య చెప్పకుండా పలక తీశాడు. అది చేయి జారి పగిలిపోయింది. పెంచలయ్య చాలా భయపడ్డాడు. కాసేపటికి మస్తాన్ వచ్చాడు."

ఇది చదివి పిల్లల్ని ఒక ప్రశ్న అడుగుతాను: "ఇందులో కంటికి కనబడనిది, చెవికి వినబడనిది ఏది?" రెండు మూడు నిమిషాల్లో ఎవరో ఒకరు పట్టుకుంటారు: "భయపడ్డాడు". భయం లోపల ఉంటుంది. చూడటానికొచ్చినవాళ్ళకు అదెలా తెలుస్తుంది? వణకాలంటారు, ఏడవాలంటారు. అవి మొదటి జవాబులు, సినిమాల్లోంచి వస్తాయి. ఇంకాస్త ఆగాలి. ఒక ఏడాది నాలుగో తరగతి పిల్లాడు లేచి, "పగిలిన ముక్కల మీద సంచి పెట్టి, దానిమీద కూర్చుంటాడు సార్" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఎందుకంటే అందరూ ఏదో ఒకటి అలా దాచినవాళ్ళే. ఆరోజు నుంచి మా పలక నాటికలో పెంచలయ్య సంచి మీదే కూర్చుంటున్నాడు.

ఈ కసరత్తును వారానికి ఒకసారి, పది నిమిషాలు చేయించండి. ఒక లోపలి మాట ఇవ్వండి, దానికి బయటి పని అడగండి. ఆకలి ఇస్తే, "ఖాళీ గిన్నెను గరిటెతో గీకుతూ ఉంటాడు" అన్నారు. అసూయ కష్టం అనుకున్నాను. ఒక పాప చెప్పింది: "పక్కమ్మాయి కొత్త రిబ్బన్లు చూసి, తన రిబ్బన్లు విప్పేసి సంచిలో పెట్టేసుకుంటుంది."

నాటకం కాగితం మీద ఎలా ఉండాలి? ఒక నమూనా ఇవ్వగలరా?

పైన చెప్పిన కథే నాటికగా ఇలా ఉంటుంది.

పలక
పాత్రలు: పెంచలయ్య, మస్తాన్, శ్రావణి. ముగ్గురూ నాలుగో తరగతి.
స్థలం: తరగతి గది. సమయం: ఇంటర్వెల్.

(బయట పిల్లల అరుపులు వినిపిస్తుంటాయి. గదిలో పెంచలయ్య ఒక్కడే ఉన్నాడు. మస్తాన్ సంచి వైపు చూస్తాడు. గుమ్మం వైపు చూస్తాడు. మళ్ళీ సంచి వైపు చూస్తాడు.)

పెంచలయ్య: (తనలో) ఒక్క అక్షరమే. రాసి మళ్ళా పెట్టేస్తా.

(పలక తీసి చొక్కా కొసతో తుడుస్తాడు. బలపం కోసం జేబులో వెతుకుతుంటే పలక జారి పడుతుంది. పగిలిన చప్పుడు.)

శ్రావణి: (గుమ్మంలోంచి) ఏందిరా ఆ చప్పుడు?

పెంచలయ్య: (ముక్కల మీద తన సంచి పెట్టి, దానిమీద కూర్చుని) ఏం లేదు.

శ్రావణి: ఏం లేకపోతే కింద కూర్చున్నావేంది?

పెంచలయ్య: కాలు నొప్పిగా ఉండాది.

(మస్తాన్ ప్రవేశం. తన సంచి చూసుకుంటాడు.)

మస్తాన్: నా సంచి ఎవురు తెరిచారు?

(ఎవరూ మాట్లాడరు. శ్రావణి పెంచలయ్య వైపు చూస్తుంది.)

మస్తాన్: పెంచలా, లెయ్యి.

పెంచలయ్య: కాలు నొప్పని చెప్పినా గదా.

మస్తాన్: లెయ్యిరా.

ఇక్కడ ఆపేసి, తర్వాతి భాగం పిల్లల్ని రాయమంటాను. ఒక్కో గుంపు ఒక్కో రకంగా రాస్తుంది.

ఇందులో గమనింపజేయాల్సినవి ఉన్నాయి. మాట్లాడేవాళ్ళ పేరు ఎడమ పక్కన ఉంటుంది, తర్వాత రెండు చుక్కలు, ఆ తర్వాత మాట. "అన్నాడు", "అంది" ఎక్కడా లేవు, పేరే ఆ పని చేస్తుంది. కొత్త మనిషి మాట్లాడితే కొత్త వరుస. చేసే పనులు బ్రాకెట్లో ఉంటాయి, అదీ "తీస్తాడు, చూస్తాడు" అని ఇప్పుడే జరుగుతున్నట్టు. "తీశాడు" అని రాస్తే అది కథ అయిపోతుంది. పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఎర్ర సిరాతో దిద్దే ముందు, రాసింది రాసినట్టు నటించి చూపించమనండి. ఎక్కడ అడ్డుపడుతుందో వాళ్ళకే తెలుస్తుంది.

పిల్లలు బ్రాకెట్లో ఉన్నదాన్ని కూడా పైకి చదివేస్తున్నారు. ఏం చేయాలి?

రెండు రంగులు వాడండి. పలికే మాటలు నీలం పెన్నుతో, రంగ సూచనలు పెన్సిల్‌తో రాయించండి. నీలం నోటికి, పెన్సిల్ కాళ్ళకూ చేతులకూ. వారంలో సర్దుకుంటుంది.

"స్వగతం", "నేపథ్యం" లాంటి మాటలు చెప్పాలా, వద్దా?

చెప్పండి. కాకపోతే వస్తువును ముందు చూపించి, పేరు తర్వాత చెప్పండి. పెంచలయ్య "ఒక్క అక్షరమే" అని తనలో తాను అనుకున్నాడు. చూసేవాళ్ళకు వినబడాలి, గదిలో ఇంకెవరన్నా ఉంటే వాళ్ళకు వినబడకూడదు. అది స్వగతం. మళ్ళీ అందరికీ వినబడేలా మాట్లాడితే పాత నాటకాల్లో ప్రకాశం అని రాసేవారు. పక్కనున్న ఒక్కరితో చాటుగా చెప్పేది జనాంతికం. పిల్లలు ఈ మూడింటినీ క్లాసులో రోజూ చేస్తూనే ఉంటారు, జనాంతికం మరీ ఎక్కువ.

నేపథ్యం అనే మాటను ఇప్పుడు మనం టీవీ వార్తల్లో "ఈ నేపథ్యంలో" అని వింటున్నాం. అసలైతే అది తెర వెనక నటులు వేషం వేసుకునే చోటు. "నేపథ్యంలో" అని రాసి ఉంటే, మనిషి కనబడడు, గొంతు మాత్రం లోపల్నుంచి వినిపిస్తుంది. ఈ సంగతి చెప్పిన రోజు పిల్లలు తలుపు వెనక నిలబడి పిలవడానికి పోటీ పడతారు.

అంకం, రంగం, దృశ్యం... ఏది ఏంటి?

స్థలం మారినా, కాలం మారినా కొత్త రంగం. దృశ్యం అన్నా దాదాపు అదే. కొన్ని రంగాలు కలిసి కథలో ఒక పెద్ద భాగం పూర్తయితే అంకం. కాళిదాసు శాకుంతలంలో ఏడు అంకాలున్నాయి. ఐదో తరగతిలోపు పిల్లలకు అంకాలతో పనిలేదు, రెండు మూడు రంగాలు చాలు.

రంగం మారడం నేర్పడానికి నేలమీద సుద్దముక్కతో గీతలు గీస్తాను. ఈ గడి ఇల్లు, ఆ గడి బడి, మధ్యలో కయ్య (పొలం) గట్టు. గడి దాటితే రంగం మారినట్టు. ఒకసారి పిల్లలు పన్నెండు గడులు గీశారు. ప్రతి రంగానికీ బల్లలు జరపాల్సి వచ్చేసరికి అలసిపోయి, వాళ్ళంతట వాళ్ళే మూడుకు తగ్గించుకున్నారు.

నాటకం, నాటిక, ఏకాంకిక ఒకటేనా?

నాటకం పెద్దది, నాటిక చిన్నది. ఒకే అంకంలో ముగిసేది ఏకాంకిక. పిల్లలు రాసేదాన్ని నాటిక అనండి. అన్నిటికీ "స్కిట్" అనే మాటే వాడనక్కర్లేదు.

నాటికకు కథ ఎలా కట్టాలి? మొదలు, నడుమ, చివర అంటే పిల్లలకు అర్థం కావడం లేదు.

ఆ మూడు మాటలు గీతలాంటివి, వాటిలో ప్రాణం లేదు. నేను రెండే ప్రశ్నలు అడుగుతాను: "ఎవరికి ఏం కావాలి? అడ్డం ఏమొచ్చింది?" ఈ రెండింటికీ జవాబు ఉంటే నాటిక నడుస్తుంది. లేకపోతే ఎన్ని మాటలు రాసినా పాత్రలు నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నట్టే ఉంటుంది.

మన పిల్లలకు ఇది చెప్పడానికి రొట్టెల పండుగను మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. మొహర్రం సమయంలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో ఏం జరుగుతుందో నెల్లూరు పిల్లలు చూసే ఉంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, ఆరోగ్యం రొట్టె, పెళ్ళి రొట్టె. కోరిక ఉన్నవాళ్ళు ఆ రొట్టె పట్టుకుంటారు. తీరినవాళ్ళు మరో ఏడాది వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇస్తారు. ఆ నీళ్ళలో నిలబడ్డ ప్రతి మనిషికీ ఒక కోరిక ఉంది, అదేమిటో చేతిలోని రొట్టెతో తెలిసిపోతుంది. ఇక అడ్డం పెట్టడమే మిగిలింది. చదువు రొట్టె కోసం ఒక అక్క వచ్చింది, జనంలో ఆ రొట్టె ఉన్నావిడ కనబడటం లేదు. ఆరోగ్యం రొట్టె ఒక్కటే ఉంది, ఇద్దరికి కావాలి. "ఇద్దరిలో ఎవరింట్లో జబ్బు ఎక్కువ?" అని పిల్లలు వాదించుకుంటారు. ఆ వాదనే సంభాషణ, రాసుకోమనండి. తర్వాతి రంగం ఏడాది తర్వాత: ఆరోజు రొట్టె తీసుకున్న మనిషి ఈరోజు ఇవ్వడానికి వచ్చింది. అలా నాటిక తిరిగి మొదటి చోటికే వచ్చి ఆగుతుంది.

భరతుడి నాట్యశాస్త్రం కథ నడకను ఐదు సంధులుగా చెప్పింది: ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం. టీచర్లు తెలుసుకోవడం మంచిదే. పిల్లలకు మాత్రం నేను "ముడి పడింది, ముడి బిగిసింది, ముడి విడింది" అంటాను. దారంతో చేసి చూపించవచ్చు కూడా.

అసలు విషయం ఎక్కడ దొరుకుతుంది? మన జిల్లాల్లోంచి ఏవైనా చెప్పండి.

టంగుటూరి ప్రకాశం పంతులు. ఇప్పటి ప్రకాశం జిల్లాలోని వినోదరాయునిపాలెంలో 1872లో పుట్టారు. తండ్రి పోయాక తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని చదివించింది. కుర్రతనంలో ఆయన నాటకాల్లో వేషాలు కట్టారు, ఆడవేషాలు కూడా. ఈ మాట చెప్పగానే నటించడానికి సిగ్గుపడే మగపిల్లల మొహాలు మారతాయి. ఇక 1928లో సైమన్ కమిషన్‌ను వ్యతిరేకిస్తూ మద్రాసులో జరిగిన ఘట్టం ఉంది. కాల్పుల్లో ఒక మనిషి పడిపోయాడు. అతని దగ్గరికి వెళ్ళాలి, ఇది కోరిక. పోలీసులు తుపాకులు చూపించి ఆపారు, ఇది అడ్డం. ప్రకాశం గుండె చూపించి కాల్చమన్నారు. ఇందులో మాటలు రెండు మూడు చాలు, మిగతాదంతా నిలబడే తీరులోనే ఉంది. ఎక్కువ మాటలు రాసే పిల్లలకు ఈ రంగం ఇవ్వండి.

దూబగుంట అనే ఊళ్ళో ఆడవాళ్ళు సారా మీద చేసిన పోరాటం ఇంకొకటి. 1991 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత కార్యక్రమం సాగినప్పుడు కళాజాతాల్లో పాటలు, వీధినాటికలతో ఊరూరా తిరిగారు. రాత్రిబడుల్లో చదువుకున్న "సీతమ్మ కథ" అనే పాఠం గురించి మాట్లాడుకుంటూ ఆడవాళ్ళు తమ ఊరి సారా అంగడి సంగతి ఎత్తారు. దూబగుంటలో మొదలైంది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఐదో తరగతి వాళ్ళకు చెప్పదగ్గ సంగతే. మూడో తరగతికి ఇవ్వను.

ఇవి పెద్ద విషయాలు. రోజూ దొరికేవి ఇంకా మంచివి: మధ్యాహ్న భోజనంలో ఒక గుడ్డు తక్కువ పడింది, మైపాడు బీచికి వెళ్దామంటే నాన్న వలలకు వెళ్ళాలన్నాడు, ఆటోలో ఒక్క సీటే ఉంది.

సూత్రధారుడు ఉండాలా?

ఉండవచ్చు. జాగ్రత్త ఒకటి. సూత్రధారుడి పాత్ర ఇచ్చారంటే పిల్లలు కథంతా అతని నోట్లోనే పెట్టేస్తారు. "తర్వాత వాళ్ళు ఇంటికి వెళ్ళారు, అమ్మ కోప్పడింది" అని అతనే చెప్పేస్తే, అమ్మ పాత్ర వేసిన పాపకు పనేముంది? మొదట్లో మూడు వాక్యాలు, రంగం మారేటప్పుడు ఒక వాక్యం ఇవ్వండి, అంతే.

తోలుబొమ్మలాటలో మన పెద్దలు దీన్ని ఎంత చక్కగా చేశారో చూడండి. రామాయణ కథ నడుస్తుండగా జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు మధ్యలో దూరి, నవ్విస్తూ, పోట్లాడుకుంటూ కథ ఎక్కడిదాకా వచ్చిందో జనానికి అందించేవారు. వాళ్ళు చెప్పేవాళ్ళు, పాత్రలు కూడా. మీ సూత్రధారుడికీ ఒక స్వభావం ఇవ్వండి. తొందరెక్కువ ఉన్నవాడు, అన్నీ మరిచిపోయే అవ్వ, ఆకలి మీదున్న పోస్ట్‌మాన్, ఏదైనా సరే.

మా పిల్లలు ఇంట్లో మాట్లాడే యాసలోనే రాస్తున్నారు. దిద్దాలా?

పాత్ర మాట్లాడే మాటను దయచేసి దిద్దకండి. ఈ విషయంలో నాకు గట్టి పట్టుదల ఉంది.

"కాలు నొప్పిగా ఉండాది" అన్నది పెంచలయ్య మాట. దాన్ని "నా కాలు నొప్పిగా ఉన్నది" అని మార్చిన మరుక్షణం ఆ పిల్లాడు నెల్లూరు వాడు కాకుండా పోతాడు, అబద్ధం చెప్పేటప్పుడు గొంతులో వచ్చే తడబాటు కూడా పోతుంది. ఏంది, యాడికి, మళ్ళా, కయ్య, అవ్వ... ఇవి పిల్లల చేతిలో ఉన్న బంగారం. సంభాషణ రాయడంలో పెద్ద రచయితలు కూడా కష్టపడేది ఒక మనిషి గొంతు పట్టుకోవడానికే. మన పిల్లలకు అది పుట్టుకతో ఉంది. గురజాడ కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడినప్పుడు జనం వాడుక మాట రంగం మీద విన్నారు. నాటకం చదివినవాళ్ళెవరికీ ఆ పాత్రల గొంతులు చెవుల్లోంచి పోవు.

ఇంకా వెనక్కి వెళితే, పెన్నా ఒడ్డున మన నెల్లూరులోనే తిక్కన కూర్చుని మహాభారతంలో విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు తెలుగు చేశాడు. ఆయన రాసింది నాటకం కాదు. అయినా తిక్కన పద్యాల్లో నాటకీయత ఉందని పండితులు మొదట్నుంచీ చెబుతూ వస్తున్నారు. కారణం పాత్రల మాటలే. ద్రౌపది మాట్లాడితే ద్రౌపదిలా, భీముడు మాట్లాడితే భీముడిలా ఉంటుంది. పేరు మూసేసి మాట చదివినా ఎవరిదో చెప్పవచ్చు. దీన్నే నేను పిల్లలకు ఆటగా మార్చాను. రాసిన నాటికలో పేర్ల మీద కాగితం ముక్క పెట్టి మాటలు మాత్రమే చదువుతాను. ఎవరి మాటో వినేవాళ్ళు చెప్పాలి. అవ్వ మాటా, మనవడి మాటా ఒకేలా ఉంటే మళ్ళీ రాయాలి.

రంగ సూచనలు, పాత్రల పట్టిక, స్థలం వివరాలు మాత్రం పాఠ్యపుస్తకం తెలుగులో రాయించండి. దాంతో రెండు రకాల తెలుగూ అలవాటవుతుంది, ఏది ఎక్కడో తెలుస్తుంది. ఒక ముఖ్యమైన హెచ్చరిక: యాసను నవ్వించడానికి వాడనివ్వకండి. చదువుకున్న పాత్ర పుస్తకభాష, పనివాడి పాత్ర యాస అని సినిమాలు చూసి పిల్లలు రాస్తే, "మీ అమ్మ ఎలా మాట్లాడుతుంది?" అని మెల్లగా అడగండి.

క్లాసులో నలభై మంది, నాటికలో ఆరు పాత్రలు. మిగతావాళ్ళు?

రాసేటప్పుడు ఐదారుగురు ఒక గుంపు. ఆడేటప్పుడు ఒక గుంపు ఆడుతుంటే మరో గుంపు చప్పుళ్ళు చేస్తుంది. పాత పేపర్లు నలిపితే సముద్రం, వేళ్ళతో బల్ల మీద కొడితే వాన, స్టీలు గ్లాసులు తగిలిస్తే పెళ్ళి ఇల్లు. ఒకరు కాగితం పట్టుకుని మాట అందిస్తారు. ఒకరు తెర: రెండు చేతుల్లో దుప్పటి పట్టుకుని నిలబడటం తమాషా పని కాదు, ఎప్పుడు దించాలో తెలియాలంటే నాటికంతా తెలిసుండాలి.

రాయడం సరిగా రాని పిల్లల సంగతేంటి?

వాళ్ళు చెప్తారు, పక్కవాళ్ళు రాస్తారు. ఫోన్లో రికార్డు చేసి, విని రాసుకోవచ్చు. మంచి సంభాషణలు చాలాసార్లు చేతిరాత బాగాలేని పిల్లల నుంచే వచ్చాయి నాకు.

పిల్లలు స్టేజీ మీద మాటలు మర్చిపోతారని టెన్షన్‌గా ఉంది.

చాలా ఏళ్ళ క్రితం ఒక బడి వార్షికోత్సవానికి వెళ్ళాను. నాలుగో తరగతి పాపకు ఝాన్సీ లక్ష్మీబాయి వేషం, పేజీన్నర ప్రసంగం. పెద్దవాళ్ళు రాసింది, గ్రాంథికం కలిసిన భాష. సగం దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పి, టక్కున ఆగిపోయింది. తెర వెనక నుంచి నలుగురు నాలుగు మాటలు అందించారు. ఆ పాప అట్టకత్తి పట్టుకుని అలాగే నిలబడి, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే మా వైపు చూసింది. ఆ చూపు నన్ను చాలా రోజులు వదల్లేదు. తప్పు ఆ పాపది కాదు. తనది కాని మాట తన నోట్లో పెట్టినందుకు అలా జరిగింది.

అందుకే మూడు సంగతులు పాటిస్తాను. ఒక్కో మాట ఒక్క ఊపిరిలో అయిపోవాలి. మాటలు పిల్లలవే అయ్యుండాలి. ఆడే ముందు ప్రతి పిల్లనూ పక్కకు పిలిచి "ఇప్పుడు నీకేం కావాలి?" అని అడుగుతాను. "పలక పగిలిన సంగతి తెలియకూడదు సార్" అని చెప్పగలిగితే చాలు, రాసిన మాట మర్చిపోయినా ఇంకో మాట వాడికి దొరుకుతుంది. పోయినసారి పెంచలయ్య వేసిన పిల్లాడు "కాలు నొప్పి" మర్చిపోయి, "ఈడ చల్లగా ఉండాది" అన్నాడు. అసలు దానికంటే బాగుంది. మా కాగితంలో అదే రాసుకున్నాం.

చివర్లో నీతి చెప్పించాలా?

వద్దనే అంటాను. మస్తాన్ చివరికి ఏం చేశాడో చూశాక, పిల్లలంతా వరసలో నిలబడి "అబద్ధం ఆడరాదు" అని అరిస్తే, అంతసేపు చూసినదాని మీద నీళ్ళు చల్లినట్టు ఉంటుంది. సంస్కృత నాటకాల చివర భరతవాక్యం ఉంటుంది కదా అని ఒకరు అడిగారు. అది అందరికీ మేలు జరగాలని కోరే శుభాకాంక్ష, పాఠం కాదు. మీకు కావాలంటే అలాంటి ఒక వాక్యం పిల్లలతోనే రాయించండి: వానలు పడాలి, పెన్నాలో నీళ్ళు రావాలి, అందరి పలకలూ బాగుండాలి.

ఎన్ని రోజులు పడుతుంది? ఎంత పొడుగు ఉండాలి?

వారానికి రెండు పీరియడ్ల చొప్పున నాలుగు వారాలు. మొదటి వారం ఆట, లోపలి మాట–బయటి పని. రెండో వారం కోరిక, అడ్డం. మూడో వారం రాత, పేర్లు మూసి చదవడం. నాలుగో వారం ఆడి చూసి తిరగరాయడం. ఆ చివరిది మాత్రం ఎగ్గొట్టకండి. ఆడి చూడకుండా ఏ నాటికా పూర్తి కాదు.

పొడుగు నోట్‌బుక్‌లో ఐదారు పేజీలు దాటకూడదు. మా పిల్లలు ఆడితే అది ఏడెనిమిది నిమిషాలు వస్తుంది.

మార్కులు వేయాలా?

వేయాల్సి వస్తే రాసిన ప్రతికి వేయండి, నటనకు వేయకండి. "అన్నాడు" లేకుండా రాశారా, పనులు కనబడేలా ఉన్నాయా, ఒక్కో పాత్ర గొంతు వేరుగా ఉందా చూడండి. అక్షరదోషాలు విడిగా దిద్దుకోవచ్చు.

పిల్లలకు నిజమైన నాటకం చూపించాలంటే?

చూపించండి, తప్పకుండా. నెల్లూరు పురమందిరంలోనో, ఒంగోలులోనో నాటకం వేస్తున్నారని తెలిస్తే ఒక పదిమందినైనా తీసుకెళ్ళండి. ఊళ్ళో తిరునాళ్ళకు పద్యనాటకం వేస్తే ఇంకా దగ్గర. రాగం ఎంతసేపు తీసినా పిల్లలు విసుక్కోరు, కిరీటాలు చూస్తూ ఉంటారు.

వెళ్ళేముందు ఒక్కొక్కరికి ఒక్క పని అప్పగించండి. ఒకరు ఎవరెవరు ఎటువైపు నుంచి వస్తున్నారో చూడాలి. ఒకరు తెర ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టాలి. ఒకరు ఎవరూ మాట్లాడకుండా ఉన్న చోట్లు గుర్తుపెట్టుకోవాలి. ఇంటికొచ్చే దారిలో ప్రశ్నలు అడగకండి, చాలామంది ఆటోలోనే నిద్రపోతారు. మర్నాడు పొద్దున పలకలు ఇచ్చి, రాత్రి చూసినవాళ్ళలో ఒక్క మనిషి పేరూ, ఆ మనిషికి ఏం కావాలో రాయమనండి.